ఫ్రాన్సెస్ బస్: తల్లీకూతుళ్ల బడి (శీర్షిక మార్చాను, ఎందుకో చివర్లో ఉంది)

కామ్డెన్_నుంచి

అందరికీ నమస్కారం. నేను పన్నెండేళ్లుగా ఉత్తర లండన్‌లో ఉంటున్నాను. మా పాపని హైస్కూల్లో చేర్చే టైమొచ్చిందని ఇక్కడి ఆడపిల్లల బళ్ల గురించి చదవడం మొదలుపెట్టి ఒకావిడ దగ్గర ఆగిపోయాను. నెల రోజులైంది, ఇంకా ఆవిడ గురించే చదువుతున్నాను.

పేరు ఫ్రాన్సెస్ మేరీ బస్. 1827 ఆగస్టు 16న పుట్టింది. పది కాన్పుల్లో మొదటిది, పదిమందిలో కొందరే బతికి పెద్దయ్యారు. తండ్రి రాబర్ట్ విలియం బస్ బొమ్మలు వేసేవాడు. ఈవిడ పద్నాలుగో ఏట, తను చదువుకున్న బళ్లోనే టీచరుగా చేరింది. పదహారు వచ్చేసరికి ఒక్కోసారి బడి మొత్తం ఈవిడ మీద వదిలేసి వెళ్లేవాళ్లట! 1850 ఏప్రిల్ 4న కామ్డెన్ వీధిలో 46వ నంబరు ఇంట్లో నార్త్ లండన్ కలీజియేట్ స్కూల్ మొదలైంది. మొదటి రోజు 35 మంది పిల్లలు, ఆ ఏడాది చివరికి 115 మంది. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది, ఇప్పుడు వేరే చోట పెద్ద క్యాంపస్‌లో ఉంది.

ఎక్కడ చదివినా ఆవిడొక్కతే మహానుభావురాలు అన్నట్టే రాస్తారు. నాకేమో ఆ ఇల్లంతా కనపడుతోంది. తండ్రి, తల్లి, తమ్ముళ్లు అందరూ ఆ బళ్లో ఏదో ఒకటి చెప్పినవాళ్లే. దీని గురించి మాట్లాడదామని ఈ చర్చ పెట్టాను. తెలిసినవాళ్లు రాయండి.

పాత_పలక

మంచి చర్చ పెట్టావమ్మా. నేను ముప్ఫై నాలుగేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నువ్వు రాసింది చదవగానే మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్నకి పని ఒక నెల ఉంటే రెండు నెలలు ఉండేది కాదు. అమ్మ అరుగు మీద పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఒకటో తరగతీ రెండో తరగతీ చెప్పేది, ఒక్కొక్కరికీ నెలకి రెండు రూపాయలు. ఆ పిల్లల పలకలు తుడవడం, సున్నాలు దిద్దించడం నా పని. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మేష్టర్ని కావాలని నేనెప్పుడూ అనుకోలేదు, అరుగు మీద పని చేస్తూ చేస్తూ అయిపోయాను. ఈ ఫ్రాన్సెస్ తల్లి గురించి కూడా రాయి. ఆ తండ్రికి సంపాదన ఉండేదా లేదా?

కామ్డెన్_నుంచి

మాస్టారూ, సరిగ్గా అక్కడికే వస్తున్నాను. తల్లి పేరు కూడా ఫ్రాన్సెస్సే, పుట్టింటి పేరు ఫ్లీట్‌వుడ్. భర్త బొమ్మల మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడవక 1845లో కెంటిష్ టౌన్‌లో క్లారెన్స్ రోడ్డు మీద ఒక బడి తెరిచింది. ఊరికే తెరవలేదు, ముందు గ్రేస్ ఇన్ రోడ్డులో హోమ్ అండ్ కలోనియల్ సొసైటీ వాళ్ల టీచర్ ట్రైనింగ్‌కి వెళ్లి నేర్చుకుంది. అంతమంది పిల్లల్ని కని, కొందరిని పోగొట్టుకుని, ఆ వయసులో క్లాసులో కూర్చుని పాఠం ఎలా చెప్పాలో నేర్చుకుంది. బట్టీ వేయించడం కాదు, వస్తువుని పిల్లల చేతికిచ్చి చూపించి చెప్పే పద్ధతి, స్విస్ విద్యావేత్త పెస్టలోజీది. చిన్నపిల్లలు తల్లికి, పెద్దపిల్లలు కూతురికి. పద్దెనిమిదేళ్ల కూతురు!

తండ్రి సంగతి వేరే పెద్ద కథ. రేపు రాస్తాను, పాపని నిద్రపుచ్చాలి.

బొమ్మల_పెట్టె

రాబర్ట్ బస్ అంటే డికెన్స్ నవల పిక్విక్ పేపర్స్‌కి రెండు బొమ్మలు వేసి తర్వాత వద్దనిపించుకున్నాయనేనా?

కామ్డెన్_నుంచి

అవును, ఆయనే. 1836 ఏప్రిల్‌లో పిక్విక్ భాగాలుగా వస్తుండగా బొమ్మలు వేసే రాబర్ట్ సీమోర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ప్రచురణకర్తలు హడావిడిగా ఇంకొకరి కోసం వెతుకుతూ ఈయన దగ్గరికొచ్చారు. ఈయనకి అప్పటిదాకా ఎచింగ్ (రేకు మీద యాసిడ్‌తో బొమ్మ చెక్కడం) చేసిన అలవాటే లేదు, చేతిలో ఉన్న పెయింటింగ్ పక్కన పెట్టి మరీ ఒప్పుకుని మూడు వారాలు ప్రాక్టీసు చేశాడు. మూడో భాగంలో ఆయనవి రెండు బొమ్మలు వచ్చాయి, ఒకటి క్రికెట్ ఆట, ఇంకొకటి తోటలో పందిరి కింద జరిగే ఘట్టం. అంతే, పని తీసేశారు. తర్వాత హాబ్లట్ బ్రౌన్ వచ్చాడు, ఫిజ్ అన్న పేరుతో ఆయన ప్రపంచానికంతా తెలిశాడు. అప్పటికి ఫ్రాన్సెస్‌కి ఇంకా తొమ్మిదేళ్లు నిండలేదు.

బొమ్మల_పెట్టె

నేను ఫైన్ ఆర్ట్స్‌లో ప్రింట్‌మేకింగ్ చేశాను కాబట్టి ఇది ఎంత కష్టమో చెప్పగలను. రాగి రేకు మీద మైనంలాంటి పూత పూస్తాం, ఆ పూతని సూదితో గీకుతూ బొమ్మ గీస్తాం. గీసిన చోట రాగి బయటపడుతుంది. తర్వాత రేకుని యాసిడ్‌లో ముంచితే ఆ గీతలు లోపలికి తింటాయి. లేత గీత కావాలంటే ముందే తీసి కప్పాలి, ముదురు గీతని ఇంకాసేపు ఉంచాలి. నిమిషం అటూ ఇటూ అయితే ముఖం మీద వేసిన సన్నగీత పురికొసంత లావైపోతుంది. పైగా అంతా అద్దంలో చూసినట్టు తిరగేసి గీయాలి. నా మొదటి ఆరు రేకులూ చెత్తబుట్టలోకే పోయాయి, అదీ పక్కన గురువుగారు నిలబడి ఉండగా. ఈయన మూడు వారాల్లో నేర్చుకుని డెడ్‌లైన్‌కి ఇవ్వాలి! యాసిడ్ పనికి ఇంకొకరి సాయం తీసుకున్నాడని, దాంతో తన గీతలో ఉన్న జీవం పోయిందని ఆయన బాధ. నాకు ఆయన మీద చాలా గౌరవం. కొత్త పని అని భయపడకుండా ఒప్పుకున్నాడు, కానీ నేర్చుకోవడానికి టైమివ్వలేదు.

గోదారి_గట్టు

అంటే తండ్రి ఉద్యోగం పోవడం వల్ల బడి పుట్టిందన్నమాట.

కామ్డెన్_నుంచి

అంత సూటిగా ముడిపెట్టను అన్నా. 1836కీ 1845కీ మధ్య తొమ్మిదేళ్లున్నాయి, ఆయన ఆ తర్వాత కూడా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. ఒక్క దెబ్బతో కూలిపోయిన ఇల్లు కాదది, డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియని ఇల్లు. పిల్ల పద్నాలుగేళ్లకి పనికెళ్లిందీ, తల్లి బడి పెట్టిందీ అందుకేనని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఈ తండ్రిని చేతగానివాడిగా రాసేవాళ్లంటే నాకు కోపం. కూతురి బళ్లో ఆయన డ్రాయింగ్ చెప్పాడు, రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, విద్యుత్తు గురించి కూడా చెప్పాడు. 1850ల్లో ఆడపిల్లలకి కెమిస్ట్రీ! ఆయన క్లాసంటే పిల్లలకి పండగే. తమ్ముళ్లు ఆల్ఫ్రెడ్, సెప్టిమస్ ఇద్దరూ చర్చి ఫాదర్లయ్యారు, వాళ్లూ అక్క బళ్లో పాఠాలు చెప్పారు. సెప్టిమస్ అంటే లాటిన్‌లో ఏడోవాడని అర్థం. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఆ పది పురుళ్లే గుర్తొస్తాయి.

లా_బుక్స్

అక్కా, ఇక్కడ ఒక పాయింటు ఎవరూ గమనించలేదు. తల్లి బడి పెట్టింది, సరే. కానీ అప్పటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్లైన ఆడదానికి సొంత ఆస్తి ఉండదు. తను సంపాదించిన ఫీజులు కూడా చట్టం కళ్లకి భర్తవే. 1870లో వచ్చిన చట్టంతో భార్య తన చేతి సంపాదనని తన దగ్గర ఉంచుకునే హక్కు వచ్చింది, 1882 చట్టంతో మొత్తం ఆస్తి హక్కు వచ్చింది. తల్లి ఎప్పుడు చనిపోయింది?

కామ్డెన్_నుంచి

1861లో.

లా_బుక్స్

అంటే రెండు చట్టాల్లో ఒక్కటీ చూడలేదు. ట్రైనింగ్ ఆవిడది, కష్టం ఆవిడది, కాగితం మీద ఆ బడి రాబడి మాత్రం ఆవిడది కాదు. కూతురు పెళ్లి చేసుకోలేదు కాబట్టి 1850లో పెట్టిన బడి చట్టం ప్రకారం పూర్తిగా తన సొంతం. మిస్ బస్ పెళ్లెందుకు చేసుకోలేదని కథలల్లేవాళ్లు ఈ ముక్క కూడా చూడాలి. పెళ్లి చేసుకుని ఉంటే ఆ బడి ఎవరికైనా అప్పగించాలన్నా సంతకం ఇంకొకరు పెట్టాల్సి వచ్చేది.

పాత_పలక

ఈ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదమ్మా. మా అమ్మ రెండు రూపాయలూ కొంగున ముడేసుకునేది. ఆ ముడి మాత్రం ఎవరూ విప్పలేదు.

లెక్కల_మేడం

నేను హైస్కూల్లో మ్యాథ్స్ చెప్తాను. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైంది 1863 డిసెంబర్ పరీక్ష. కేంబ్రిడ్జి యూనివర్సిటీ బళ్లలో చదివే మగపిల్లలకి లోకల్ ఎగ్జామ్స్ అని పరీక్షలు పెట్టేది. ఎమిలీ డేవిస్ అనే ఆవిడ వెంటపడి, అవే పేపర్లని ఒక్కసారి ప్రయోగంగా ఆడపిల్లలకి కూడా ఇప్పించింది. ఆరు వారాలే టైముంది, పిల్లలెక్కడ దొరుకుతారు? 83 మంది రాస్తే అందులో 25 మంది మిస్ బస్ పిల్లలే. రిజల్టు చూస్తే సీనియర్లు 40 మందిలో 34 మంది లెక్కల్లో ఫెయిల్!

నాకు పర్సెంటేజీ తక్కువొస్తేనే రెండు రోజులు అన్నం సహించదు. మిస్ బస్ బయటివాళ్ల ముందు, పత్రికలవాళ్ల ముందు, ఆడపిల్లలకి బుర్ర లేదనే వాళ్లందరి ముందు పిల్లల్ని కూర్చోబెట్టింది. తప్పితే పిల్లలది కాదు తప్పు, చెప్పే పద్ధతిది అనుకుని బళ్లో లెక్కలు చెప్పే తీరే మార్చేసింది. 1865 నుంచి ఆ పరీక్షలు ఆడపిల్లలకి అధికారికంగా తెరిచారు. తర్వాత 1875లో ఆ బళ్లో లెక్కల టీచరుగా చేరిన సోఫీ బ్రయంట్ 1884లో లండన్ యూనివర్సిటీ నుంచి డి.ఎస్సీ. (సైన్సులో డాక్టరేట్) తీసుకుంది, ఇంగ్లండ్‌లో ఆ డిగ్రీ తెచ్చుకున్న మొదటి ఆడమనిషి. ఇరవై ఏళ్లకే భర్త పోయినావిడ. మిస్ బస్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఆవిడే. ముప్ఫై నాలుగు మంది ఫెయిలైన సబ్జెక్టు నుంచే ఆ బడికి రెండో హెచ్చెమ్ వచ్చింది. ఈ మాట మా స్టాఫ్ రూములో చెప్తే అందరూ కాసేపు మాట్లాడలేదు.

సూటిగా

అందరూ పొగుడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను రాస్తాను. ఆ బళ్లో చదివిన ఒకావిడ, తర్వాత మేరీ హ్యూజ్ అన్న పేరుతో ఆత్మకథ రాసింది, 1880ల్లో అక్కడ చేరింది. ఎన్ని రూల్సో చెప్పింది. దారిలో వానకి తడవకూడదు. ముగ్గురికి మించి పక్కపక్కన నడవకూడదు. పెన్సిల్ పెట్టె కింద పడేయకూడదు. పుస్తకం ఇంట్లో మరచిపోకూడదు. మెట్లు పరుగున దిగకూడదు. బూట్ల సంచిని ఒక్క పట్టీతోనే వేలాడదీయకూడదు. ఇది బడా, పటాలంలో పెరేడా? పిల్లలు భయపడుతూ నేర్చుకుంటే అది చదువెలా అవుతుంది?

లెక్కల_మేడం

రూల్స్ ఎక్కువే, ఒప్పుకుంటాను. మా బళ్లో ఇన్ని పెడితే నేనే ఒప్పుకోను. కానీ వానకి తడవకూడదు అనేదాన్ని ఆ రోజుల్లో పెట్టి చూడండి. చదివితే ఆడపిల్లల ఒళ్లు పాడైపోతుందని పెద్ద పెద్ద డాక్టర్లే రాస్తున్న కాలం. హెన్రీ మాడ్స్‌లీ 1874లో అదే రాస్తే, ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ అనే డాక్టరమ్మ అదే ఏడాది అదే పత్రికలో గట్టిగా జవాబిచ్చింది. అలాంటప్పుడు ఒక పిల్ల తడిసి జ్వరం తెచ్చుకుంటే తప్పు వాన మీదికి పోదు, లెక్కల మీదికి పోతుంది. ఆవిడకి ఆ టెన్షన్ ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది. పాఠాలు కూడా పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకే పెట్టింది, వ్యాయామం చేయించింది. పిల్లల ఆరోగ్యం మీద ఎవరూ వేలెత్తి చూపకూడదనే జాగ్రత్త ఇదంతా.

దారం_సూది

మేరీ హ్యూజ్ రాసిన బొత్తాం కాజా సంగతి ఎవరూ చెప్పలేదేం? ఆవిడ ప్రవేశ పరీక్షకి వెళ్లింది, అన్నీ బాగానే రాసింది, కానీ ఒక గుడ్డ ముక్కిచ్చి కాజా కుట్టమన్నారు. చేతకాలేదు. కాజా రానిదే చేర్చుకోం, ఇంటికెళ్లి నేర్చుకుని రమ్మని పంపేశారు. నేర్చుకుని వచ్చి కుట్టి చూపిస్తేనే చేర్చుకున్నారు.

నేను పదహారేళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను. ఈ రోజుల్లో కాజాకి మిషన్ ఉంది కానీ నేను చేత్తోనే నేర్చుకున్నాను. ముందు బొత్తాం కంటే నూలుపోగంత పెద్దగా గాటు పెట్టాలి, చిన్నదైతే బొత్తాం దూరదు, పెద్దదైతే నిలవదు. తర్వాత గాటు అంచు పోగులూడకుండా చుట్టూ దారం దగ్గర దగ్గరగా వేస్తూ, ప్రతి కుట్టుకీ సూది కింద దారం తిప్పి ముడి పైకి వచ్చేలా లాగాలి. ఒక్క ముడి వదులైనా అక్కడి నుంచే చిరుగు మొదలవుతుంది. మా అత్త నాతో ముప్ఫై కాజాలు విప్పించింది. అందుకే నాకు ఆ పరీక్ష అన్యాయంగా అనిపించలేదు. లాటిన్ చదివే పిల్ల కూడా పని సగంలో వదలకూడదన్నదే దాని ఉద్దేశం అనుకుంటాను. అది ఆడపిల్లలకే ఎందుకు, మగపిల్లలకి ఎందుకు పెట్టలేదని మాత్రం అడుగుతాను.

సూటిగా

ఆ చివరి ప్రశ్న నాదీ. మిగతాదానికి సగం ఒప్పుకుంటున్నాను. ఆవిడ ఉద్దేశం మంచిదైనా పిల్లల భయం నిజమే కదా, అది రాయకుండా ఉండలేను.

కామ్డెన్_నుంచి

రాయాలి కూడా. ఒక్క విషయం కలుపుతాను. మేరీ చిన్నపిల్లగా ఉండగానే, 1879లో, తండ్రి చనిపోయాడు. మిస్ బస్ బడి పెట్టింది అలాంటి ఇళ్ల కోసమే. పెళ్లి చేసుకుంటే ఎవరో చూసుకుంటారులే అని పెంచి, తీరా ఎవరూ లేక చేతిలో పైసా లేకుండా మిగిలిపోయే ఆడవాళ్ల బాధ తను చూశానని, ఆ బాధ కాస్తయినా తగ్గించాలన్నదే తన కోరికని ఆవిడ ఒక ఉత్తరంలో రాసుకుంది. తన ఇంట్లోనే కదా చూసింది.

ఆవిడ కష్టం కూడా ఒకసారి చూడండి. 1848లో హార్లీ స్ట్రీట్‌లో క్వీన్స్ కాలేజ్ తెరిచి, టీచర్ల కోసం సాయంత్రం ఉపన్యాసాలు పెట్టారు. పగలంతా పాఠాలు చెప్పి, కామ్డెన్ నుంచి అక్కడికి నడిచి వెళ్లి, పాఠం విని, మళ్లీ నడిచి ఇంటికి. ఫ్రెంచి, జర్మన్, భూగోళంలో సర్టిఫికెట్లు తెచ్చుకుంది. నేను ఆ దారి పోయిన ఆదివారం నడిచాను, ఒక వైపుకే నలభై నిమిషాల పైన పట్టింది, నాకు స్పోర్ట్స్ షూస్ ఉన్నాయి, వీధి దీపాలున్నాయి. ఆవిడకి చీలమండల దాకా గౌను, చలికాలంలో నాలుగింటికే చీకటి.

గోదారి_గట్టు

తర్వాత ఆ బడిని ట్రస్టుకి ఇచ్చేసిందని చదివాను. ఎందుకిచ్చింది? సొంతంగా బాగా నడుస్తున్న బడి కదా.

లా_బుక్స్

ఆవిడ పోతే బడి పోకూడదని. అప్పట్లో ఆడపిల్లల బళ్లు ఎక్కువగా ఒక మనిషి ఇంటి మీద నడిచేవి, ఆ మనిషి మంచాన పడితే తలుపులు మూసుకునేవి. మగపిల్లల బళ్లకి వందల ఏళ్ల నాటి ఈనాం భూములూ నిధులూ ఉండేవి. 1865 నవంబరులో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ముందు మిస్ బస్, ఎమిలీ డేవిస్ సాక్ష్యం చెప్పారు. మిస్ బస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయని ఆ సంఘంలో ఒకాయన చెప్పుకున్నాడు. 1869లో చట్టం వచ్చి పాత నిధుల్లో కొంత ఆడపిల్లల చదువుకి మళ్లించే దారి దొరికింది. 1871 నాటికి పెద్ద బడి కామ్డెన్ రోడ్డుకి మారింది, పాత ఇంట్లో తక్కువ ఫీజుతో కామ్డెన్ స్కూల్ మొదలైంది. రెండూ ట్రస్టు కిందే. యజమానురాలు కాస్తా గవర్నర్లు, అంటే ట్రస్టు పెద్దలు, చెప్పినట్టు వినాల్సిన జీతగత్తె అయింది. ఒకప్పుడు తన తల్లికి చట్టం ఇవ్వని హక్కుని ఈవిడ దక్కించుకుని, దాన్ని తనే కాగితం మీద వదిలేసింది. నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

పాత_పలక

మన బళ్లలో హెడ్‌మిస్ట్రెస్ అంటాం కదా, ఆ మాటని తన పదవికి మొదట వాడుకున్నది ఈవిడేనని విన్నాను. 1874లో హెడ్‌మిస్ట్రెస్‌ల సంఘం పెడితే మొదటి అధ్యక్షురాలు కూడా ఈవిడే. నా ఉద్యోగంలో ఐదుగురు హెచ్చెమ్‌ల కింద పనిచేశాను, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కరికీ తెలియదు, నాకూ తెలియదు.

గోదారి_గట్టు

మాది రాజమండ్రి కాబట్టి ఒక చిన్న లింకు. ఆ బళ్లో 1870ల్లో క్లారా కొలెట్ అనే అమ్మాయి చదివింది, తర్వాత పనిచేసే ఆడవాళ్ల జీతాల మీద పరిశోధన చేసి ప్రభుత్వ ఉద్యోగంలో పెద్ద స్థానానికి వెళ్లింది. ఆ అమ్మాయి మేనత్త సోఫియా డాబ్సన్ కొలెట్. రాజా రామ్మోహన్ రాయ్ జీవితచరిత్ర రాసిందీ, బ్రహ్మసమాజం వార్షిక గ్రంథాలు ప్రచురించిందీ ఆవిడే. వీరేశలింగం గారి మూలంగా మా ఊళ్లో బ్రహ్మసమాజం పేరు తెలియనివాళ్లుండరు, దాని గురించి లండన్‌లో కూర్చుని ఏటా పుస్తకం వేసినావిడ మేనకోడలు ఈ మిస్ బస్ శిష్యురాలని ఇప్పుడే తెలిసింది.

బొమ్మల_పెట్టె

తండ్రి చివరి రోజుల సంగతి ఎవరైనా రాశారా? 1872లో పిల్లలు అడిగితే పిక్విక్ బొమ్మల విషయంలో అసలేం జరిగిందో ఆయన రాసిపెట్టాడు. ముప్ఫై ఆరేళ్ల తర్వాత! అయినా ఆయన చివరగా మొదలుపెట్టిన పెయింటింగ్ ఏంటో తెలుసా, డికెన్స్ బొమ్మే. కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్న డికెన్స్, గదంతా ఆయన పాత్రలు గాల్లో తేలుతూ. కొందరికే రంగు పడింది, మిగతా వాళ్లంతా గీతల్లోనే ఉన్నారు. 1875లో ఆయన చనిపోయాడు, బొమ్మ అలాగే ఉండిపోయింది. ఇప్పుడు లండన్‌లో డౌటీ స్ట్రీట్‌లోని డికెన్స్ మ్యూజియంలో ఉంది. తనని కాదన్న మనిషిని అంత ప్రేమగా వేశాడు.

కామ్డెన్_నుంచి

శనివారం పాపని తీసుకుని వెళ్లాను. డికెన్స్ ముఖం, కుర్చీ, మోకాలి దగ్గర చిన్న పాత్రలు రంగుల్లో ఉన్నాయి, పైకి పోయే కొద్దీ అన్నీ బూడిదరంగు గీతలు. పాప చాలాసేపు చూసి, "అమ్మా, ఈ తాతగారికి రంగులు అయిపోయాయా?" అని అడిగింది. టైము అయిపోయిందని చెప్పాను. ఆ తాతగారి కూతురే నీకు చెప్పిన బడి పెట్టిందంటే, "మరి వాళ్లమ్మ బొమ్మ ఎక్కడుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఫ్రాన్సెస్ 1894 డిసెంబర్ 24న చనిపోయింది, ఎసెక్స్‌లో థేడన్ బోయ్స్ చర్చి దగ్గర సమాధి చేశారు. ఎండాకాలం అక్కడికీ వెళ్లి వచ్చి రాస్తాను.

పాత_పలక

అమ్మా, ఒక చిన్న విన్నపం. నువ్వు పెట్టిన శీర్షికలో మిస్ బస్ బడి అని ఉంది. తల్లి పేరు కూడా ఫ్రాన్సెస్సే అన్నావు. ట్రైనింగ్‌కి వెళ్లి క్లారెన్స్ రోడ్డులో తలుపు తీసింది ఆ ఫ్రాన్సెస్. వీలైతే శీర్షిక మార్చు.

కామ్డెన్_నుంచి

మార్చాను మాస్టారూ.